పదమూడో ఛానెల్

అమెరికా నుంచి ఇంటికి టాబ్ పంపేవాళ్లు ప్లగ్గు పడుతుందో లేదో చూస్తారు గానీ ఛానెల్ సంగతి పట్టించుకోరు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానెళ్లున్నాయి. అమెరికాలో వాడుక 11తో ఆగిపోతుంది. అందుకే అక్కడి మార్కెట్ కోసం చేసిన పాత పరికరాలు చాలావాటికి 12, 13 కనబడవు. నర్సీపట్నంలో మా ఇంటి రౌటర్ ‘ఆటో’లో ఉండి, తనంతట తానే 13కి పోయి కూర్చుంది.

"ఏట్రా ఇది? పక్కింటి పిల్ల ఫోన్లో మన వైఫై కనబడతంది, నువ్వంపిన దాన్లో కనబడదేటి?" అని అమ్మ.

రౌటర్‌ని అనడానికి లేదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను అన్నారు. తీగలు కరెంటు స్తంభాల మీదుగా వచ్చాయి. ప్రైవేటు వాళ్లూ వచ్చారు. ఇప్పుడు మా వీధిలో డాబా మీద నిలబడి ఫోన్ తెరిస్తే వైఫై పేర్లు ఎంత జరిపినా అయిపోవు. అందరూ 1, 6, 11 మీద గుమిగూడినచోట ఖాళీగా ఉన్న 13కి జరగడం తెలివైన పనే.

డల్లాస్‌లో కూర్చుని సరిచేయించడంలో చిక్కు వేరే. ‘సేవ్’ కొట్టగానే వైఫై ఓసారి ఆగి మళ్లీ మొదలవుతుంది. అదే వైఫై మీద వీడియో కాల్ మాట్లాడుతుంటే నాన్నగారు మధ్యలో మాయం. అందుకని మాటలు అమ్మ ఫోన్లో మొబైల్ డేటా మీద, పని నాన్నగారి ఫోన్లో. ఆయన రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి. 192.168.1.1ని సర్వే నంబరు చదివినట్టు, చుక్కచుక్కకీ ఆగి, నా చేత తిరిగి చెప్పించుకుని మరీ కొట్టారు. ఛానెల్‌ని 6కి కట్టేశాం. వెడల్పు 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కి దించాం. 20లో ఉంటే 1, 6, 11 ఒకదాని మీదొకటి పడవు. వేగం కొంచెం తగ్గుతుంది, సీరియల్ చూడ్డానికి ఢోకా లేదు. టాబ్‌లో మా ఇంటి పేరు కనబడింది.

5 గిగాహెర్ట్జ్‌ది మరో కథ. డల్లాస్ ఇళ్లు చెక్క చట్రం, జిప్సం పలకలు. ఆ సిగ్నల్ గదులన్నీ తిరిగొస్తుంది. మా ఇంట్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. రెండో గోడకే నీరసపడుతుంది, ఆపైన అడ్డంగా ఇనప బీరువా. బీరువా జరపమంటే నాన్నగారు ఒప్పుకోలేదు: అది నైరుతిలో ఉంది, ఉండాలి. రౌటర్ని హాలు మధ్యకి తెద్దామంటే తీగ చాలదు. పొడుగు తీగ తెస్తానన్న కేబులతను ఇంకా రాలేదు. అంతదాకా పడగ్గదికి 2.4 ఒక్కటే గతి.

చివర్లో గెస్ట్ నెట్‌వర్క్ పెడదామన్నాను. మా పాస్‌వర్డ్ వీధిలో సగం మందికి తెలుసు.

"వచ్చినోళ్లకి ఒకటీ, మనకొకటీనా? అదేం పద్ధతి!" అంది అమ్మ.

సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ మాత్రం, స్టిక్కరు మీదున్నది తీసేసి, నాన్నగారి చేత కొత్తది పెట్టించాను. అలాంటిదొకటి ఉందని అమ్మకి చెప్పలేదు.