32 గళ్లలో మూడు ఊళ్లు

నాన్నది సింగరేణి బొగ్గు గనిలో ఉద్యోగం కాబట్టి మా క్వార్టర్ భూపాలపల్లిలో. అమ్మ పుట్టినిల్లు మానుకోట, కాగితాల మీద మహబూబాబాద్. తాత, నానమ్మ ఉండేది జనగామలో. మూడూ వరంగల్ జిల్లాలోవే అని చిన్నప్పుడు చదువుకున్నాను. నేను మూడో తరగతిలో ఉండగా, 2016 అక్టోబర్ 11న, సరిగ్గా దసరా నాడు కొత్త జిల్లాలు వచ్చాయి. మా మూడు ఇళ్లూ మూడు జిల్లాల్లోకి పోయాయి. బంధువులు మారలేదు, బస్సులూ మారలేదు. బోర్డులు మాత్రం మారాయి.

ఈ మూడు ఊళ్ల మధ్యే పెరిగినా, వాటిని కళ్లు పెట్టి చూడడం మొదలైంది కరోనాతో బడులు మూతపడ్డ ఏడాదిలో. అందుకు కారణం ఫోన్ మీద వేలితో బొమ్మలు గీయించిన ఒక ఆదివారం క్లాసు.

2020 మార్చిలో అమ్మమ్మ దగ్గరికని వెళ్లి అక్కడే ఆగిపోయాం. మానుకోట అంటే రైలు చప్పుడు. కాజీపేట నుంచి విజయవాడ పోయే పెద్ద లైను ఊరి మధ్య నుంచే పోతుంది. జనతా కర్ఫ్యూ నాటి నుంచి ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. గంటగంటకూ గూడ్సు పోతే తప్ప పట్టాల వైపు నుంచి ఏ అలికిడీ ఉండేది కాదు. మే 19న ఆర్టీసీ బస్సులు కదిలాక గానీ భూపాలపల్లికి తిరిగి రాలేదు. సెప్టెంబర్ 1 నుంచి టీ శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. లెక్కలు, సైన్సు, సోషల్ అన్నిటికీ వేళలు వేశారు. అందులో బొమ్మలకు వేళ లేదు. ఆ వేళను మా డ్రాయింగ్ సారు తనే తెచ్చి ఇచ్చారు.

సారు బడిలో వారానికి ఒక పీరియడ్ చెప్పేవారు. మిగతా రోజుల్లో దుకాణాల బోర్డులు రాసేవారు, వినాయక చవితి ముందు విగ్రహాలకు కళ్లు దిద్దేవారు. ఆ ఏడాది ఏ పనీ సరిగా లేదు. అయినా ఆదివారం పొద్దున వీడియో క్లాసు పెట్టి, పైసా తీసుకోకుండా మాతో బొమ్మలు వేయించారు. రంగుల డబ్బాలు కొనమనలేదు. ఇంట్లో ఉన్న ఫోను, అందులో ఉచితంగా దొరికే బొమ్మల యాప్, మన చూపుడు వేలు చాలన్నారు. మొదటి రోజు ఆయన పెట్టిన నియమం ఒక్కటే: "నెట్‌ల బొమ్మలు చూసి వేయొద్దు. మీ ఇంట్ల, మీ వాడల ఉన్నదే వేయాలె."

మొదటి ఆట కళ్లు పెట్టే ఆట. ఇంట్లో ఏదో ఒక వస్తువును ఫొటో తీసి, దాని మీద రెండు కళ్లు గీయాలి. మిగతా ముఖం ఏమిటో ఆ వస్తువే చెబుతుందని సారు మాట. నాన్న డ్యూటీ నుంచి వచ్చి గుమ్మం బయట విడిచిన బూట్లను తీశాను. బొగ్గు పొడితో నల్లబడి, ముందు భాగం కొంచెం విచ్చుకుని ఉన్నాయి. కళ్లు పెట్టగానే రెండూ ఎవరి మీదనో అరుస్తున్నట్టు తయారయ్యాయి. నాన్న చూసి పడిపడి నవ్వాడు. "నా బూట్లకు గింత కోపం ఉన్నదని నాకు తెల్వదు బిడ్డా" అన్నాడు.

ఆ తరువాత కళ్లు పడనిది లేదు. ఓపెన్‌కాస్టు గని పక్కన బొగ్గు కోసం తవ్వి పోసిన ఓబీ మట్టి కుప్పలు కాళ్లు ముడుచుకుని పడుకున్న ఏనుగులయ్యాయి. మట్టి మోసే డంపర్‌కు మీసాలు మొలిచి కొమ్ముల పురుగైంది. చెల్పూరు మీదుగా పోతుంటే కనిపించే కరెంటు ప్లాంటు పొగ గొట్టానికి మెడ చుట్టూ మఫ్లర్ కట్టి, చలికి వణికే ముసలాయనను చేశాను. రోజూ చూసే ఊరే. కళ్లు ఎక్కడ పెట్టాలో వెతికేసరికి ఏ కుప్ప ఎటు వాలిందో, ఏ గోడ మీద ఏ గంటకు నీడ పడుతుందో తెలిసింది.

ఒక రాత్రి నాన్న నా పక్కన కూచుని, మా ఊరి కేటీకే బొగ్గు గనిలో దిగినప్పుడు పైకప్పును ఎట్లా పరీక్షిస్తారో చెప్పాడు. కర్రతో పైన కొట్టి చప్పుడు వింటారు. బండ గట్టిగా ఉంటే గణగణమంటుంది, లోపల పగులు ఉంటే డొల్లగా మోగుతుంది. చీకట్లో చెవితో చూడడం అది. నేను ఫోన్ మీద ఆడే ఆటను ఆయన తన పనితో పోల్చి మాట్లాడడం నాకు ఎంతో గొప్పగా అనిపించింది. ఒక వస్తువును శ్రద్ధగా గమనించడం ప్రాణం నిలిపే విద్య కూడా అని నాకు ఆ రాత్రే మొదటిసారి తెలిసింది.

దసరాకు జనగామ వెళ్లాం. ఆ ఏడాది అధిక ఆశ్వయుజం రావడంతో పండుగ ఆలస్యమైంది. అప్పటికి సారు యాప్‌లో సిమెట్రీ అనే పనిముట్టు నేర్పారు. తెరకు నడుమ ఒక గీత పడుతుంది. ఇటు పక్క మనం గీస్తే అటు పక్క అదే గీసుకుంటుంది. జనగామ నుంచి హైదరాబాద్ వైపు పోతే రోడ్డు మీదే పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకు మీద నకాషీ చేసే విశ్వకర్మల ఊరు. గుళ్లకు మకర తోరణాలు, దేవుళ్లకు కవచాలు, ధ్వజస్తంభాలకు తొడుగులు అక్కడి నుంచే పోతాయి. ఆ పనికి జీఐ గుర్తింపు కూడా ఉంది. తాతకు తెలిసిన ఒక పెద్దాయన పని చేస్తుంటే పక్కన కూచుని చూశాను.

కరిగించిన లక్క పరుపు మీద రేకును అతికిస్తారు. లక్క చల్లారితే రేకు కదలదు, అయినా దెబ్బకు కొంచెం లొంగుతుంది. ఉలిని సుత్తితో వెనక నుంచి కొడుతూ పోతే ముందు వైపు బొమ్మ ఉబ్బి లేస్తుంది. తరువాత రేకు తిప్పి, ముందు నుంచి సన్నటి గీతలు తీరుస్తారు. ఆయన తోరణంలో సగం మాత్రం కాగితం మీద గీసి, కాగితాన్ని మడిచి రెండో సగం ఎత్తుకున్నాడు. నా ఫోన్‌లో సిమెట్రీ చూపిస్తే ఆసక్తిగా చూసి, ఒక మాట అన్నాడు: "మంచిగున్నది. కానీ సగంల వంకర పోతే, వంకర కూడా రెండింతలైతది. మొదటి సగం మీదనే మనసు పెట్టు."

ఆ మాటను ఆదివారం క్లాసులో చెబితే సారు అందరి చేతా నోట్‌బుక్‌లో రాయించారు. నేను ఆ వారం వేసిన బొమ్మ రెండు మొసళ్ల తోరణం. ఉబ్బెత్తుగా కనబడాలంటే వెలుగు ఒకే వైపు నుంచి రావాలి. ఎడమ పైన లేత పసుపు, కుడి కింద ముదురు గోధుమ. ఫోన్ తెర నున్నగా ఉన్నా మొసలి ముక్కు పైకి లేచినట్టే కనిపించింది. ఆ వెలుగు నీడల సంగతి నాకు రేకు చెప్పింది.

సంక్రాంతికి మానుకోట. నెల పట్టిన నాటి నుంచి అమ్మమ్మ రోజూ తెల్లారకముందే వాకిలి ఊడ్చి కల్లాపి చల్లేది. సారు ఆ వారం ఇచ్చిన పని పిక్సెల్ బొమ్మ. అడ్డం 32, నిలువు 32 గళ్లు. ఒక్కో గడికి ఒక్కో రంగు. గీతలు ఉండవు, గళ్లే. అమెరికాలో సూసన్ కేర్ అనే చిత్రకారిణి 1984లో వచ్చిన మాకింటాష్ కంప్యూటర్‌కు బొమ్మ గుర్తులను ఇలాగే, గళ్ల కాగితం మీద 32 గళ్లలో దిద్దిందని సారు చెప్పారు. కంప్యూటర్‌తో పని చేసిన అనుభవం లేకుండానే ఆమె ఆ పనికి వచ్చింది. రంగు రాళ్ల పలకలు అతికే పని, గుడ్డ మీద గళ్ల లెక్కన కుట్టే పని తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదని ఆమె భావించింది.

ఆ సంగతి విన్నాక నాకు వాకిట్లో ముగ్గు తప్ప వేరే ఏదీ తోచలేదు. అమ్మమ్మది 15 చుక్కల ముగ్గు, సందు చుక్క 8 వరకు. అక్కడే చిక్కు వచ్చింది. ఫోన్‌లో గళ్లన్నీ ఒకదాని కింద ఒకటి వరుసగా ఉంటాయి. సందు చుక్క మాత్రం పై వరుసలోని రెండు చుక్కల నడుమ పడాలి. గళ్లలో నడుమ అనే చోటు లేదు. అమ్మమ్మను అడిగితే తెర వైపు కాసేపు చూసి, "గడి ఇడిసి గడి పెట్టు. కింది వరుస ఒక గడి జరుపు" అంది. అలా పెడితే 15 చుక్కలకు 29 గళ్లు పట్టాయి. వరుసలు కూడా 15 కాబట్టి, నిలువునా అంతే. 32 గళ్లలో ముగ్గు ఇమిడింది, చుట్టూ కొంచెం వాకిలి కూడా మిగిలింది. కంప్యూటర్ ముట్టని అమ్మమ్మ ఆ లెక్కను ఒక్క చూపులో తేల్చింది. చుక్కలు పెట్టడం ఆమెకు చేతిలో ఉన్న గణితం.

మా వెనక వాడలో తండా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక లంబాడీ పెద్దమ్మ ఉండేది. ఆమెను అందరం యాడి అని పిలిచేవాళ్లం. అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో ఆమె కుట్టిన రవికెను ఫొటో తీసి గళ్లలోకి మార్చాను. ఎరుపు పక్కన నలుపు, నలుపు పక్కన పసుపు, నడుమ అద్దానికి తెలుపు. రంగులు ఒకదాన్నొకటి ఎట్లా వెలిగిస్తాయో అక్కడ నేర్చుకున్నాను. యాడి తెరను వేలితో పెద్దది చేసి, ఒక గడి చూపించి, "ఈడ దారం తెగింది, నువ్వు గది గూడ పెట్టినవ్" అని మురిసిపోయింది.

చివరి పని కదిలే బొమ్మ. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి. ఇసుకరాతి గుట్టలు. ఆ గుహల గోడల మీద ఆదిమానవులు వేసిన బొమ్మలను 1990లో గుర్తించారు. జింకలు, అడవిదున్న, పులి, విల్లంబులు, వృత్తాలు. నాన్న సెలవు పెట్టి తీసుకుపోయాడు. జేగురు రంగు జింకను దూరం నుంచే ఫొటో తీశాను. రాతి మీద చేయి పెట్టకూడదని సారు గట్టిగా చెప్పి పంపారు. వేళ్ల చెమట తగిలినా, నీళ్లు చల్లినా ఆ రంగు దెబ్బతింటుంది.

ఇంటికొచ్చి యాప్‌లో ఫొటోను కింది లేయర్‌గా పెట్టి, పైన ఖాళీ లేయర్ మీద జింకను గీశాను. ఒక్కో ఫ్రేములో కాళ్లు కొంచెం కొంచెం మార్చాలి. సెకనుకు 12 ఫ్రేములు నడిస్తే కంటికి పరుగు కనబడుతుంది. ఆగి ఉన్న బొమ్మలను మన మెదడే కలుపుకుంటుంది. వేల ఏళ్ల కింద గీసిన ఆ జింక కాళ్లలో ఊపు అప్పటికే ఉంది, నేను చేసింది ఆ ఊపును ముందుకు సాగనివ్వడమే. నా జింక గుట్ట దిగి, ఓబీ ఏనుగుల మధ్య నుంచి ఉరికి, బూట్ల అరుపులు దాటి, ముగ్గులోకి దూకుతుంది. ఆదివారం క్లాసులో ఆ కొద్ది సెకన్ల బొమ్మను సారు మళ్లీ మళ్లీ తిప్పించారు. వీడియో గళ్లన్నిటిలోంచి పిల్లలు చప్పట్లు కొట్టారు.

మా బడులు మూతపడ్డ 2020లోనే డేవిడ్ హాక్నీ అనే పేరున్న ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాన్స్‌లోని నార్మండీలో తన ఇంటి చుట్టూ వచ్చిన వసంతాన్ని ఐప్యాడ్ మీద గీశాడు. 80 దాటిన వయసులో గీసిన ఆ బొమ్మలను మరుసటి ఏడాది లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శించింది. ఈ సంగతి తరువాత తెలిసినప్పుడు నాకు ఎంతో ధైర్యం వచ్చింది. తెర మీద గీసేది కాలక్షేపమని, అసలు బొమ్మ కాగితం మీదే ఉంటుందని అనేవాళ్లకు ఆయన బొమ్మలే జవాబు. పెద్ద చిత్రకారుడైనా, క్వార్టర్లలో పిల్లలైనా తలుపులు మూసిన ఏడాదిలో చేసింది ఒకటే. చుట్టూ ఉన్నదాన్ని మళ్లీ చూశారు.

2021 ఫిబ్రవరిలో బడులు విడతలుగా తెరిచి, మార్చిలో మళ్లీ మూశారు. తిరిగి సెప్టెంబర్‌లో తెరిచారు. ఆదివారం క్లాసు అంతటితో ఆగింది. పది దగ్గర పడేకొద్దీ టైం టేబుల్లో బొమ్మల పీరియడ్ లెక్కల చేతికి పోయింది.

అందుకే ఒక మాట పట్టుదలతో చెబుతున్నాను. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూల్లోనే, ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వందకు మించి పిల్లలుంటే కళా విద్యకు పార్ట్ టైం బోధకులు ఉండాలని రాసి ఉంది. అది ఎవరో దయతో ఇచ్చేది కాదు, పిల్లల హక్కు. మా సారు దగ్గర ప్రయోగశాల లేదు, ట్యాబులు లేవు. ఆయన ఇచ్చింది ఒక ఆట, ఒక నియమం. ఆ రెండింటితో గని కార్మికుడు, నకాషీ పెద్దాయన, ముగ్గు వేసే అమ్మమ్మ, అద్దాలు కుట్టే యాడి నాకు గురువులయ్యారు. మా మూడు జిల్లాల్లో ఏ పిల్లవాడికైనా ఇలాంటి గురువులు ఇంటి చుట్టూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి పంపే ఒక డ్రాయింగ్ సారు, వారానికి ఒక పీరియడ్ ప్రతి బడికీ కావాలి.