అప్పల్రాజుకి, తుపాకీ సంగతి

జంగ్లీఘాట్,
శ్రీ విజయపురం (నీ నోటికి అలవాటైన పోర్ట్ బ్లెయిరే)

ఒరే అప్పల్రాజూ,

ఉత్తరం అందింది. టెక్సస్‌లో బాతుల వేట మరిగావన్నమాట! సంక్రాంతికి వచ్చినప్పుడు మావయ్య లైసెన్సు తుపాకీ పట్టుకుని ఒక పూట తిరగాలని రాశావు. రోడ్డుకి ఎంత దూరంలో కాల్చొచ్చు, ఇళ్లకి ఎంత ఎడం ఉండాలి, తోట ఆసామి సరేనంటే చాలునా అని అడిగావు. అక్కడ రహదారి మీంచి వేటాడకూడదు, గుండు పక్కవాడి గట్టు దాటకూడదు కాబట్టి నీకు ఆ లెక్కలే తోచాయి.

అలాంటి లెక్కలు మనకీ ఉండేవి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదట్లో వేటకి లైసెన్సులిచ్చింది. చేతిలో లైసెన్సున్నా బండి మీంచి కాల్చకూడదు, ప్రభుత్వానిది కాని నేలలో ఆసామి ఒప్పుకోనిదే వేటాడకూడదు. 1991 సవరణలో ఆ లైసెన్సులనే ఎత్తేశారు, వాటితోపాటు ఈ షరతులూ పోయాయి. ఇప్పుడు రోడ్డుకి పది గజాలైనా పది మైళ్లైనా జవాబొకటే: కాల్చకూడదు. ఆసామి నీ సొంత మేనమామైనా, తన తోటలో పిట్టని కొట్టుకోమని చెప్పే హక్కు ఆయనకి లేదు. పంట పాడవుతోందన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాసిచ్చిన అనుమతి కావాలి. గుడ్లు తీసినా గూడు చెడగొట్టినా చట్టం లెక్కలో అది వేటే.

సిప్పీఘాట్ గుర్తుందా, వండూరు పోయే దారిలో? 2004 డిసెంబర్ 26 భూకంపానికి ఆ నేల కుంగి, సముద్రం లోపలికొచ్చి, వరిమళ్లు ఉప్పునీటి మడుగులయ్యాయి. ఇప్పుడు అక్కడ అండమాన్ బాతులు దిగుతాయి. ఈ దీవులూ, ఉత్తరాన కోకో దీవులూ తప్ప వాటికి వేరే చోటు లేదు. నీళ్ల కింద రైతుల పొలం, పక్కన బస్సులు తిరిగే రోడ్డు, ఆపైన ఇళ్లు. నువ్వడిగిన మూడూ అక్కడే ఉన్నాయి, బాతు కూడా రాయి వేస్తే తగిలేంత దగ్గర. కానీ అది మొదటి షెడ్యూలు పక్షి. కొడితే తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువైతే ఏడేళ్లు జైలు.

చట్టంలో దూరం మాట ఒకటుంది, అదీ నీకు పనికిరాదు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లు తుపాకీ లైసెన్సుంటే వార్డెన్ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. అక్కడ కొత్త లైసెన్సు ఇవ్వాలన్నా ఆయన ముందుగా ఒప్పుకోవాలి. చిన్నాపెద్దా కలిపి వందకు దగ్గరగా అభయారణ్యాలున్న ఈ దీవుల్లో పది కిలోమీటర్లంటే ఎంత మేర వస్తుందో నువ్వే ఊహించుకో.

వేట హక్కు కొందరికి మాత్రం మిగిలింది. 1967 ఏప్రిల్ 28న ఇక్కడి అడ్మినిస్ట్రేషన్ నికోబార్ షెడ్యూల్డు తెగలకిచ్చిన వేట హక్కులకు ఈ చట్టం అడ్డురాదని 65వ సెక్షన్ చెబుతోంది. నాకది న్యాయంగానే తోస్తుంది. మనవాళ్లు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి చేపల కోసం వచ్చారు, సముద్రం మనకి తిండి పెట్టింది. అడవిని నమ్ముకుని తరతరాలుగా బతికినవాళ్లు వేరు. వాళ్ల కూడు, నీ సెలవు సరదా రెండూ ఒకే తక్కెడలో తూగవు. టికెట్ కొనుక్కుని వచ్చినంత మాత్రాన నువ్వు ఆ హక్కుదారుల్లో చేరవు కదా!

చట్టం కట్టేసింది కాబట్టి ఊరుకోమంటున్నాననుకోకు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో కొంగలూ పెలికాన్లూ ఊరి చెట్ల మీదే పిల్లల్ని చేస్తాయి. ఇళ్ల మధ్యనే ఉన్నా, ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటూ వచ్చారు. మనం పుట్టింది ఆ జిల్లాలోనే.

బైనాక్యులర్స్ తెచ్చుకో, నాకూ ఒకటి తే. తెల్లారకముందే సిప్పీఘాట్ తీసుకెళ్తాను. తిండికి కోడీ చేపా ఉండనే ఉన్నాయి. ఈ ఉత్తరం మావయ్యకీ చూపిస్తాను, తుపాకీ అడిగితే ఏం చెప్పాలో ఆయనకి తెలియాలిగా.

నీ
సింహాచలం