చేటేదే?

నెదర్లాండ్స్‌లోని వేస్ప్‌లో 2009లో మతిమరుపు జబ్బొచ్చిన పెద్దవాళ్ళకోసం హోగెవెయిక్ అని ఓ పేటే కట్టారు. కిరాణాకొట్టూ, కాఫీ హోటలూ, తోటా అన్నీ లోపలే. వాళ్ళే వెళ్ళి సరుకులు తెచ్చుకుంటారు, సిబ్బంది తోడుంటారు.

మా పిన్ని ఉంటున్న వృద్ధుల కాలనీలోనూ లోటేం లేదు. సోఫా, టీవీ, వేళకి మందులు. చేతికి పనే లేదు! పొద్దుటినుంచీ ఒకటే మాట: "చేటేదే? బియ్యం ఏరాలి. మీ బాబాయి భోజనానికొచ్చే వేళయింది." బాబాయి పోయి పదేళ్ళు. "ఆయన లేరు కదమ్మా" అని ఆయా చెప్పినప్పుడల్లా ఆవిడకి కొత్తగా పసుపుకుంకాలు పోతాయి. ఆ నిజం ఎవరికోసమండీ?

మొన్న చేటా, కిలో బియ్యం పట్టుకెళ్ళాను. మేనేజరుగారు "రూల్సండీ" అని నసిగారు. బియ్యానికి కూడానా! పిన్ని వేళ్ళు మాత్రం ఏదీ మరిచిపోలేదు. గంటసేపు చెరిగి, ఏరి, అనుమానంగా నాకేసి చూసింది.

"ఒక్క రాయీ లేదేమే? ఏ కొట్లో కొన్నావ్?"