వెనుక నిలిచినవాడు

ఇంటికి వచ్చినవారు ద్వారబంధపు చెక్కడాన్ని మెచ్చుకుంటారు. పునాదిని గురించి అడిగేవారు అరుదు. ఫుట్‌బాల్ మైదానంలో ఆ పునాది స్థానం బ్యాకులది.

విద్యార్థి దశలో నేనూ బ్యాక్‌గా ఆడాను. నేను ఆపిన బంతులకు చప్పట్లు లేవు. మా ఫార్వర్డ్ గోలు చేసిన నాడు మాత్రం అందరూ అతణ్ణి భుజాల కెత్తుకునేవారు. ఆ అక్కసుతో ఒక ఏడు పోటీల నడుమనే జట్టు విడిచాను. హాన్స్ గేయోర్గ్ ష్వార్జెన్‌బెక్ చరిత్ర చదివిన తరువాత గాని నా పొరపాటు నాకు బోధపడలేదు.

1948లో మ్యూనిక్ నగరంలో జన్మించిన ఈ జర్మన్ క్రీడాకారుడు తన వృత్తి జీవితమంతా బయర్న్ మ్యూనిక్ క్లబ్బులోనే గడిపాడు. జర్మనీ లీగులో 416 ఆటలాడి ఆయన చేసిన గోల్స్ 21 మాత్రమే. ఆయన కర్తవ్యం వేరు. నాయకుడు ఫ్రాంజ్ బెకెన్‌బావర్ రక్షణ స్థానాన్ని విడిచి బంతితో ముందుకు సాగినప్పుడల్లా, వెనుక ఏర్పడిన శూన్యాన్ని కాచినవాడు ష్వార్జెన్‌బెక్. బెకెన్‌బావర్‌ను లోకం చక్రవర్తి అని కీర్తించింది. ఆ సింహాసనానికి కావలి ఈయన.

1974 మే 15న బ్రసెల్స్‌లో యూరోపియన్ కప్ తుది పోటీ జరిగింది. నిర్ణీత కాలంలో ఎవరికీ గోలు రాలేదు. అదనపు సమయంలో, 114వ నిమిషాన, అట్లెటికో మాడ్రిడ్ ఆటగాడు లూయిస్ అరగోనెస్ గోలు చేశాడు. ఆట ముగియవలసిన క్షణంలో ష్వార్జెన్‌బెక్ పాదం వద్దకు బంతి వచ్చింది. ఆయన దూరం నుండే బలంగా కొట్టాడు. బంతి వలను తాకింది. స్కోరు సమమైంది. రెండు రోజుల తరువాత జరిగిన పునఃపోటీలో బయర్న్ 4-0తో గెలిచి, ఆ కప్పును సాధించిన ప్రథమ జర్మన్ క్లబ్బు అయింది. ఆ నాలుగు గోల్స్ ఉలీ హోనెస్, గెర్డ్ ముల్లర్ పంచుకున్నారు. ష్వార్జెన్‌బెక్ యథాప్రకారం వెనుకనే నిలిచాడు. 1975, 1976లలో కూడా కప్పు బయర్న్‌దే.

మడమ వద్ద తగిలిన గాయం ఆటను మాన్పించిన పిమ్మట, ఆయన మ్యూనిక్‌లోనే కాగితాలు, కలాలు అమ్మే దుకాణం నడుపుకున్నాడు.

విద్యార్థి మిత్రులారా! నేను అలిగి వెళ్లిన ఆ సాయంత్రం, నేను ఖాళీ చేసిన చోట ఎవరో ఒకరు నిలిచి ఆడే ఉంటారు. అతడెవరో నేను ఎన్నడూ విచారించలేదు. ఇన్నేళ్లకు ఈ పుట ద్వారా అతనికి నా కృతజ్ఞత తెలుపుకుంటున్నాను.