తుడిచిన పిడి

2006లో హైదరాబాద్‌లో ఒక పోటీ. నాకు సొంత పిస్టల్ లేదు. క్లబ్బులో ఒకాయన తనది ఇచ్చేవాడు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్, కిలో దాకా బరువు. కర్రపిడి ఆయన చేతి కొలతకు చెక్కింది, నా అరచేతిలో వదులుగా ఆడేది.

నాకంటే ముందు ఇద్దరమ్మాయిలు దాంతోనే కాల్చారు. వాళ్లిచ్చినప్పుడు అట్లనే తీసుకున్నాడు. నేను నాలుగు ట్రయల్ షాట్లు కాల్చాక, సైటు సరిచేస్తానని అడిగి, జేబులోంచి గుడ్డ తీసి ముందు పిడి తుడిచాడు. మా అయ్య చెప్పులు కుడతాడని ఆయనకు పొద్దున్నే చెప్పాను. అడిగితేనే చెప్పాను.

మొదటి షాట్ ఆరు. నలుపు బయట, ఎడమవైపు కిందికి. కుడిచేత్తో కాల్చేవాళ్లు ట్రిగ్గర్ గుంజితే అక్కడికే పోతుంది. అరకిలో ఒత్తిడికి కదిలే ట్రిగ్గర్ అది, మెల్లగా నేరుగా వెనక్కి నొక్కాలి. నా వేలు నొక్కలేదు, ఆ గుడ్డను గుంజింది.

రెండోసారి చెయ్యి లేపాను. వణుకు. ఎనిమిది సెకన్లు దాటితే దించమని కోచ్ వందసార్లు చెప్పాడు. కానీ దించితే వెనకనుంచి చూసేవాళ్లు ఏమనుకుంటారు? కోటాలో వచ్చింది, భయపడ్డది అంటారు. దొర గడిముందు చెప్పులు విడిచి, తల దించి నడిచినోళ్ల బిడ్డను. దించుడంటేనే నాకు ఓడుడు. ఎట్లయితే అట్లాయెనని అంతకుముందు ఎన్ని షాట్లు పాడుచేసుకున్నానో!

ఆ రోజు దించాను. మూడుసార్లు దించాను. దించినందుకు మార్కులు కోసే నియమమేదీ లేదు.

నాలుగోసారి ఊపిరి తీసుకుంటూ లేపి, సగం వదిలి ఆపాను. టార్గెట్ మసకగానే ఉండాలి, ముందు సైటు మాత్రం స్పష్టంగా కనబడాలి. ఇది కోచ్ చెప్పకముందే మా అయ్య చెప్పిండు. "ఆరె మొన మీదనే సూపుండాలె బిడ్డా. ఎంత కుట్టిన, ఎంత మిగిలె అని సూసినవో, ఏలుకు దిగుతది." తొమ్మిది పడింది.

ఇప్పుడు పిస్టల్ పట్టే మన పిల్లలకు ఒక మాట. ఇంట్లో పిస్టల్ లేదని ఊరుకోకండి. లీటరు నీళ్ల సీసా పట్టుకుని, సున్నం గోడకెదురుగా చెయ్యి చాపి నిలబడండి. నేనట్లనే నేర్చుకున్నాను. షాట్ పేలగానే చెయ్యి వదిలెయ్యకండి, రెండు సెకన్లు అట్లనే ఉంచండి. అప్పట్లో ఆడవాళ్లకు 40 షాట్లే, 2018 నుంచి 60 అయ్యాయి. అంతసేపు మనసును ఒక్కచోట కట్టేయడం ఎవరివల్లా కాదు. షాట్‌కూ షాట్‌కూ మధ్య వదిలేసి, చెయ్యి లేపేటప్పుడు మళ్లీ పిలుచుకోవాలి. 2021లో టోక్యోలో మను భాకర్‌కు పోటీ నడుమ పిస్టలే చెడిపోయింది. 2024లో పారిస్‌లో అదే పది మీటర్లలో కాంస్యం గెలిచింది. పిస్టల్ చెడితే బాగుచేసేవాళ్లుంటారు. గుడ్డ సంగతి ఎవరికి చెప్పుకోవాలి?

400కు 351 వచ్చాయి. పతకం రాలేదు.

పిస్టల్ తిరిగిస్తే ఆయన మళ్లీ గుడ్డ తీశాడు. "వాళ్లిద్దరి చెమట తుడవలేదేం సార్?" అని అడిగాను. గుడ్డ చేతిలోనే ఉంది. ఆయన టార్గెట్ల దిక్కు చూశాడు.