తజ్రుబా

ఉర్దూలో తజ్రుబా అనే ఒక్క లఫ్జుకు రెండు అర్థాలు. ల్యాబులో చేసే ప్రయోగమూ తజ్రుబానే, బతికి తెలుసుకున్న అనుభవమూ తజ్రుబానే. తెలుగు డిగ్రీలో చేరాక ఈ రెంటినీ విడివిడి మాటలతో రాయడం అలవాటైంది గానీ, ఉర్దూ బడిలో మాకు రెండూ కలిసి ఉండేవని మాత్రం అనుకోకండి. అక్కడ తజ్రుబా కితాబులోనే ఉండేది.

ఆఠవీ జమాత్‌లో హయాతియాత్, అంటే జీవశాస్త్రం. కణం ఖలియా. కిరణజన్య సంయోగక్రియ జియాయీ తాలీఫ్. మా అమ్మీ గానీ దాదీ గానీ జిందగీలో పలకని మాటలు. తెలుగు బడిలో చదివే దోస్తుల హాలూ అంతే, వాళ్ళమ్మలు మాత్రం కిరణజన్య సంయోగక్రియ అని ఎప్పుడన్నారు? అందరం రట్టా కొట్టి పాసయ్యాం.

పళ్ళ సబఖ్ ఇప్పటికీ యాదుంది. రెండు, ఒకటి, రెండు, మూడు అని ఉస్తాద్ బోర్డు మీద దంత సూత్రం రాశారు, మేం నోట్సులోకి ఎక్కించుకున్నాం. ఆ గదిలో చాలామంది పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉండేవి. ఒక్కరం కూడా పక్కవాడి నోరు తెరిపించి చూడలేదు. బయట దాన్ని నీళ్ళ దోషం అనేవాళ్ళు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని నాకు విలేకరినయ్యాకే తెలిసింది. మా ప్రాంతం ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, షార్ట్ అనే డాక్టరు బృందం ఇక్కడి ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాసిందనీ అప్పుడే చదివాను. అంతకంటే ముందే ఎడ్ల కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని రైతులు పట్టుకున్నారట. ముషాహిదా రైతులది, కాగితం డాక్టర్లది. మా సబఖ్‌లో రెండూ లేవు.

దర్శికి కొంత దూరంలో ఒక ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే మాస్టారు నాకు పాత దోస్తు. 1993 నుంచి దేశమంతా జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్‌కు పిల్లలతో ప్రాజెక్టులు చేయిస్తుంటాడు. అందులో పిల్లలు తమ ఊళ్ళోని సవాల్ ఒకటి తీసుకుని, తామే లెక్కలు పోగుచేయాలి. 2014, 2015లో వాతావరణం మీద ఇచ్చారు. 2022లో జీవావరణం, ఆరోగ్యం. ఆ ఏడు ఈయనకు అంశం వెతుక్కునే పని పడలేదు.

అంతకు ముందు సీజన్లోనే నల్ల తామరపురుగు మిరప పూతను తినేసింది. ఆగ్నేయాసియా పురుగు అది, మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద నమోదైంది. 2021 చివరికి గుంటూరు, ప్రకాశం, ఖమ్మం చేలలో పూవుల్లో దూరి కూర్చుంది. మందు మీద మందు కొట్టి, కడకు చెట్లు పీకేసి దున్నేసిన చేలను నేనే ఫొటోలు తీసి పేపరుకు పంపాను. ఆ చేల పిల్లలే ఈ బడి పిల్లలు.

మాస్టారు పాఠం ఆపేసి వాళ్ళను చేలోకి తీసుకెళ్ళాడు. చేతిలో తెల్ల కాగితం. దాని మీద పూవును దులిపితే మిల్లీమీటరంత నల్ల చుక్కలు రాలి పాకుతాయి. అవి పోకముందే లెక్కపెట్టాలి. రెండు చేలు, వారానికోసారి. మందు ఎన్నిసార్లు కొట్టారో గట్టు మీద పడేసిన ఖాళీ సీసాలు చూసి, ఇంట్లో అడిగి రాసుకున్నారు. కీటకానికి ఎన్ని కాళ్ళు, సాలీడుకు ఎన్ని, ఏది పంటకు దోస్తు, ఏది దుష్మన్, ఇవన్నీ ఆ కాగితం మీదే వచ్చేశాయి. చాప్టరు తర్వాత చదివారు.

చిక్కు లెక్కలు పూర్తయ్యాక వచ్చింది. ఎక్కువసార్లు మందు కొట్టిన చేలోనే పురుగు ఎక్కువ తేలింది. ఒక కుర్రాడు ముగింపు రాసేశాడు: ఫలానావాళ్ళు మందు ఎక్కువ వాడి మిత్రపురుగులను చంపుకుని నష్టపోయారు అని. ఆ ఫలానావాళ్ళ అమ్మాయి అదే జట్టులో ఉంది. ఆ పూట అన్నం తినలేదట. మర్నాడు మాస్టారి బల్ల దగ్గరికి వచ్చి ఒక మాట అడిగింది.

"సార్, పురుగు ఎక్కువుంది కాబట్టే మా నాన్న ఎక్కువసార్లు కొట్టాడేమో కదా?"

ఆ రాత్రి ఆయన నాకు ఫోన్ చేశాడు. "భాయ్, ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఏ పిల్లా ఇట్లా ఆపలా."

ఆయన చెప్పింది నిజమే. మందులు మిత్రపురుగులను చంపుతాయన్న మాట తప్పేమీ కాదు. కానీ ఈ రెండు చేల లెక్క దాన్ని రుజువు చేయదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది వాళ్ళ పట్టికలో లేదు. నాన్న ఇజ్జత్ కోసం అడిగినా, ఆ పిల్ల అడిగింది అసలు సైన్సు. నాకు తెలిసిన పెద్ద పెద్ద రిపోర్టర్లు కూడా ఈ తేడా చూసుకోకుండా హెడ్డింగు పెట్టేస్తారు. ముగింపు కొట్టేసి, "మా లెక్కతో ఇది తేల్చలేం" అని రాయించాడు. పేర్లు తీసి ఒకటో చేను, రెండో చేను అని పెట్టారు. చిన్న ఊళ్ళో అది ఎవరికి తెలియదు గనక?

ఆ తండ్రి ఒకరోజు బడికే వచ్చాడు. కౌలు రైతు. గొడవకు వచ్చాడేమోనని మాస్టారికి కాస్త ఫికర్. ఆయన నోటుపుస్తకం మొత్తం తిరగేసి, "ఇందులో అప్పు ఏడ రాశారు సారూ?" అన్నాడు. మందుల కొట్టతనే అప్పిస్తాడు, ఏ మందు కొట్టాలో కూడా అతనే చెప్తాడు. ఆ మర్నాడు పట్టికలో "మందు ఎవరు చెప్పారు" అని ఇంకో గడి చేరింది. జీవశాస్త్రంలో అప్పు గడేమిటి అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆ పురుగు బతికే చోటులో కొట్టు కూడా ఒక భాగమే.

ప్రాజెక్టు పై స్థాయికి పోలేదు. "తేల్చలేం" అనే ముగింపుకు మార్కులు రావడం ముష్కిల్. అయినా ఆ తర్వాతి సీజన్లో మళ్ళీ మొదలెట్టారు. ఈసారి పూత రాకముందు నుంచే లెక్క. మందు కొట్టే ముందురోజు ఒకసారి, కొట్టాక మూడో రోజు, ఏడో రోజు. దీనికి రైతు ముందుగా కబురు చెప్పాలి. మొదటి కబురు ఆ కౌలు రైతు దగ్గర్నుంచే వచ్చింది: "రేపు కొడతన్నా, పిల్లల్ని ఇయ్యాలే పంపండి."