మా చిన్న పుస్తకాల కొట్టు

2025 జూన్ నెల. బడులు తెరిచిన మొదటి వారం. ఏడాది మొత్తంలో మా కొట్టుకు ఊపిరి సలపని రోజులవే. ఆ సందడిలో మా సంఘంలోని ఒక అబ్బాయి వచ్చాడు. పేరెందుకు లెండి, పసివాడుగా మా ఒళ్లో ఆడినవాడే. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కావాలన్నాడు. ఉన్న మూడు రకాలూ తీసి ముందు పెట్టాం. స్టూలు మీద కూర్చొని అరగంట సేపు పోల్చి చూసుకున్నాడు. టీ తెప్పించి ఇచ్చాం. చివరికి ఒకటి ఎంచుకొని, జేబులోంచి ఫోను తీసి అట్టను ఫొటో తీసుకున్నాడు.

"బాబాయిగారూ, పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. దీని వెల 400 గదా! ఆన్‌లైన్‌లో 280కే ఉంది. ఇంటికే తెచ్చిస్తారు" అన్నాడు.

ఉన్న మాట దాచకుండా చెప్పాడు, అంతే. అయినా మా ఇద్దరికీ ఆ పూట అన్నం సహించలేదు.

రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకొని కూర్చున్నాం. ఆ నిఘంటువును మాకు పంపిణీదారు వెలలో 25 శాతం తగ్గించి ఇస్తాడు. అంటే మాకు పడేది 300 రూపాయలు. మూట తెచ్చిన ఖర్చు, కొట్టు అద్దె, కరెంటు బిల్లు ఇంకా కలపనే లేదు. మేము కొన్న ధరకంటే తక్కువకు, అదీ గుమ్మం ముందుకే తెచ్చి ఇచ్చేవారితో ఎలా పోటీపడతాం? ఆ రోజే మొదటిసారిగా "కొట్టు మూసేద్దామా?" అన్న మాట మా మధ్యకు వచ్చింది.

1992లో ఈ కొట్టు పెట్టాం. బస్టాండు వెనుక సందులో ఒక్క గది, రెండు రేకు బీరువాలు, అప్పు తెచ్చిన కొద్దిపాటి డబ్బు. నెలకోసారి మాలో ఒకరు తెల్లవారుజాము బస్సులో విజయవాడ వెళ్లి, ఏలూరు రోడ్డులోని దుకాణాలన్నీ తిరిగి, కొన్న పుస్తకాలను మూట కట్టించి బస్సు పైన వేయించుకొని చీకటిపడ్డాక ఇల్లు చేరేవాళ్లం. బైబిళ్లు, పాటల పుస్తకాలు, పెద్ద బాలశిక్షలు, పాఠ్యపుస్తకాలు, నోటు పుస్తకాలు, కథల పుస్తకాలు అన్నీ పెట్టేవాళ్లం. మాస్టర్లు ఒకటో తారీఖు దాకా అరువు రాయించుకొనేవారు. చుట్టుపక్కల ఊళ్ల పాస్టరుగార్లు క్రిస్మస్‌కు నెల ముందే చీటీ పంపేవారు. ఈ కొట్టు మీదనే పిల్లలిద్దరినీ చదివించుకున్నాం.

ఈ ఆన్‌లైన్ వ్యాపారం ఎక్కడిదా అని ఆరా తీస్తే మాకు ఆశ్చర్యం కలిగింది. దాని మొదటి సరుకు కూడా పుస్తకమేనట! అమెరికాలో అమెజాన్ 1995లో అమ్మకాలు మొదలుపెట్టింది పుస్తకాలతోనే. పుస్తకం కుళ్లదు, పోస్టులో పగలదు. ఎవరి దగ్గర కొన్నా అదే పుస్తకం. పైగా లోకంలో ఉన్న పుస్తకాలన్నిటినీ ఏ కొట్టూ పెట్టలేదు. మన దేశంలో ఫ్లిప్‌కార్ట్‌ను ఇద్దరు యువకులు 2007లో బెంగళూరులో ప్రారంభించారు. వారిదీ పుస్తకాల వ్యాపారమే. వారికి వచ్చిన మొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుండి! జాన్ వుడ్ అనే ఆయన రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ద వరల్డ్' అన్న పుస్తకం కావాలన్నారు. పెద్ద ఉద్యోగం మానుకొని, నేపాల్ వంటి చోట్ల పేదపిల్లలకు గ్రంథాలయాలు పెట్టించిన ఆయన కథ అది. ఆ పుస్తకం వారి దగ్గర లేదు. బెంగళూరులోని పుస్తకాల షాపులు తిరిగి తిరిగి, చివరికి ఒకచోట దొరికించుకొని పంపారట.

ఈ సంగతి చదివి మేము చాలాసేపు ఆలోచించాం. ఆన్‌లైన్‌లో అమ్మిన ఆ మొదటి పుస్తకం కూడా ఎవరో మావంటివారు బీరువాలో దాచి ఉంచిందే గదా! అలాగని మహబూబ్‌నగర్ పాఠకుణ్ణి తప్పు పట్టగలమా? తన ఊళ్లో దొరకని పుస్తకం ఇల్లు చేరితే ఎవరికి సంతోషం ఉండదు? ఆ మేలును మేము కాదనం. 2010లో, పుస్తకం చేతికి వచ్చాక డబ్బిచ్చే పద్ధతిని ఫ్లిప్‌కార్ట్ పెట్టడంతో బ్యాంకు కార్డు లేనివారికీ దారి ఏర్పడింది. 2013 జూన్‌లో అమెజాన్ కూడా మన దేశానికి వచ్చింది. పెట్టుబడి పెట్టినవారి సొమ్ముతో ఏళ్ల తరబడి నష్టాలు భరించగల కంపెనీలవి. మా నష్టాన్ని మేము ఒక్క జూన్ నెల కూడా భరించలేం. తేడా అంతా అక్కడుంది.

ఇక ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ అబ్బాయి మీద మాకు కోపం వచ్చిన రాత్రి, మా తల మీద తిరుగుతున్న ఫ్యాను ఎక్కడిది? అంతకుముందు వేసవిలో మా అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించినదే. "నాన్నా, ఆరు వందలు తక్కువ" అంటే సరేనన్నాం. మా కొట్టుకు నాలుగు గదుల అవతల కరెంటు సామాన్ల షాపు ఉంది. ఇరవై ఏళ్ల స్నేహం. ఆ ఫ్యాను అట్టపెట్టె వచ్చిన రోజు ఆయన తన గడపలో నిలబడి చూశాడు. ఏమీ అనలేదు. మేమూ ఏమీ చెప్పలేదు. ఆ అబ్బాయి కనీసం మా ముఖం చూసి చెప్పాడు. మాకు ఆ ధైర్యం కూడా లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆయన షాపుకు వెళ్లాం. ఫ్యాను సంగతి ఎత్తి, "తప్పయింది తమ్ముడూ" అన్నాం. ఆయన కాసేపు తల వంచుకొని, తర్వాత నవ్వేశాడు. "అన్నగారూ, మావాడి ఇంటర్ పుస్తకాలు మొన్న అందులోనే తెప్పించాడు. మీకు తెలిస్తే ఎలాగా అని నేనే మీ కొట్టు వైపు రావడం మానేశాను" అన్నాడు. ముగ్గురమూ నవ్వుకున్నాం గాని, ఆ నవ్వులో సిగ్గే ఎక్కువ ఉంది. ఆ రోజు ఒక చిన్న ఒప్పందం చేసుకున్నాం. ఏది కావాలన్నా ముందు ఒకరినొకరు అడగాలి. ధర మరీ తేడాగా ఉంటే మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. దొరకనిదైతే ఎక్కడైనా కొనుక్కోవచ్చు. మా సందులో ఇప్పుడు ఆరు కొట్లవాళ్లం ఈ మాట మీద ఉన్నాం.

పుస్తకాన్ని మిగతా సరుకులా చూడని దేశాలు కూడా ఉన్నాయి. ఫ్రాన్సులో 1981 నాటి చట్టం ప్రకారం కొత్త పుస్తకం మీద 5 శాతానికి మించి ఎవరూ తగ్గించరాదు. పెద్ద కంపెనీకీ, సందులో కొట్టుకూ ఒకటే న్యాయం. రవాణా ఉచితమని చెప్పి ఆన్‌లైన్ వ్యాపారులు ముందుకు పోతుంటే, 35 యూరోల లోపు పుస్తకాల ఆర్డరుకు కనీసం 3 యూరోలు రవాణా ఖర్చు తీసుకోవాలని 2023 అక్టోబరు నుండి నియమం పెట్టారు. మన దేశంలో అటువంటి చట్టం లేదు. మనకున్న ఆసరా తపాలా శాఖ. అక్కడ కూడా రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబరులో తీసివేయడంతో మావంటివారికి చెయ్యి విరిగినట్లయింది. అయితే 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ అనే కొత్త సేవ వచ్చింది. ప్రారంభంలో పెట్టిన ధర 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. దానిని పట్టుకొని మేము వాట్సాప్‌లో పుస్తకాల పట్టిక పంపడం, దూరపు ఊళ్లవారికి పోస్టు చేయడం మొదలుపెట్టాం. డెబ్బైకి దగ్గరపడిన వయసులో ఇదొక కొత్త చదువు.

డిసెంబరులో ఒక ఉదయం ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. ఈసారి వాళ్ల నాయనమ్మను బండి మీద ఎక్కించుకొని వచ్చాడు. ఆమెకు చూపు తగ్గింది. పెద్ద అక్షరాల బైబిలు కావాలి. "ఫోనులో చూపించాను బాబాయిగారూ. అక్షరం ఎంత ఉంటుందో ఆమెకు తెలియడం లేదు" అన్నాడు. నాలుగు సైజులు తీశాం. ఆమె ఒక్కొక్కటీ తీసుకొని గుమ్మంలో ఎండలోకి వెళ్లి, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకొంది. మొదటిది వద్దంది. రెండోది బరువంది. నాలుగోది పట్టుకొని ఒక పుటంతా ఆగకుండా చదివి, "ఇది కనబడుతోందిరా అయ్యా" అంది. మనవడు మాట్లాడకుండా డబ్బు తీసి ఇచ్చాడు. వెల అడగనైనా అడగలేదు. వెళ్లేటప్పుడు గడప దాటి మళ్లీ వెనక్కి వచ్చి, "ఆ నిఘంటువు అప్పుడే మీ దగ్గర తీసుకోవలసింది" అన్నాడు. "ఫర్వాలేదులే నాయనా, వచ్చే పుస్తకం ఇక్కడ అడుగు" అన్నాం.

ఒక్క బైబిలు అమ్మితే అద్దె గట్టెక్కదు, నిజమే. కొట్టు గది ఖాళీ చేస్తే సెల్‌ఫోన్ల దుకాణానికి ఇస్తానని యజమాని రెండుసార్లు కబురు చేశాడు. వచ్చే జూన్ దాకా చూద్దామని మేమిద్దరం నిశ్చయించుకున్నాం. అప్పటికి లెక్క సరిపడకపోతే ఎవరినీ నిందించకుండా తలుపు మూస్తాం.

ప్రియమైన పాఠకులారా, మా మీద జాలిపడి కొనమని అడగడం లేదు. మీ ఊరికి దగ్గరలో ఎక్కడో మావంటి కొట్టు ఒకటి ఇంకా తెరిచే ఉంటుంది. మీకు ఏ పుస్తకం కావాలన్నా ముందు అక్కడ ఒకసారి అడగండి. లేకపోతే వారం రోజులు గడువివ్వండి, తెప్పించి ఇస్తారు. అరువు ఉంటే తీర్చండి. కొనే ఉద్దేశం లేనప్పుడు అరగంట సేపు పుస్తకాలు తీయించి, ఫొటో తీసుకొని వెళ్లవద్దు. అంతకంటే మాకు పెద్ద కోరికలు లేవు.

తెల్లవారితే తలుపు తీసి, దుమ్ము దులిపి, పెద్ద అక్షరాల పుస్తకాలను గుమ్మానికి దగ్గరగా పెడుతున్నాం. అక్కడ వెలుతురు బాగుంటుంది.